కింది వార్డు నుంచి ఎక్కే బాణం

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ పైవాణ్ణి తలుచుకుని, విన్నది విన్నట్టు చెబుతాను. భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. నా చెయ్యి మాత్రం వద్దు, నాకూ భయమే!

ఒక ఆసుపత్రి. అడుగు అంతస్తులో మూతపడ్డ వార్డు. పొద్దు వాలితే అటు పురుగు కూడా పోదు. లోపల ఎవరో ఆడమనిషి గొణుగుతుందని... మధ్యమధ్య ఏడుస్తుందని... చెడ్డ పేరు.

ఆ సాయంత్రం, కంప్యూటర్ తీగలు చూసే అమ్మాయి — అందరూ 'వైర్ల తల్లి' అని ఆటపట్టిస్తారు — కంప్యూటర్ తెర మీద కొత్తగా ఒక పటం పెడుతోంది. వార్డుకీ వార్డుకీ మధ్య ఉన్న ఒక్కో లింకుకూ ఒక్కో గీత. డేటా ఎటు పోతే అటు బాణం. వాడకం తక్కువైతే ఆకుపచ్చ, మితిమీరితే ఎరుపు.

గీతలన్నీ పచ్చగా వెలిగాయి. ఒక్కటి మాత్రం... ఎర్రగా.

కింది వార్డుది!

బాణం ఎటుందోనని ఆమె తెర మీదికి వంగింది. అది కింద నుంచి పైకి — తిన్నగా పసిపిల్లల వార్డులోకి ఎక్కుతోంది.

కాపలా బాబాయి వెనక నుంచి వంగి చూశాడు. ముఖం పాలిపోయింది.

"దాని జోలికి పోకమ్మా..."

"అక్కడ మనుషులే లేరు కదా బాబాయ్?"

"మనుషులు లేరనేగా నేను చెప్పేది!"

పెద్ద సారుకి ఫోన్ చేసి అడిగితే విసుక్కున్నాడు. "ఖాళీ వార్డుకి అంత వాడకమేంటి? ఆ లింకు తెంచి పారెయ్."

మీట మీద వేలు పెట్టింది. ఒక్క నొక్కు... అంతే. కానీ మనసొప్పలేదు. పైన పసివాళ్ళు! ఎక్కేదేమిటో తెలియకుండా తెంచితే? తెంచకపోతే? దేవుడి పేరు పెదవుల మీద పెట్టుకుని మెట్లు దిగింది. "వద్దు తల్లీ!" అంటూ బాబాయి వెంటపడ్డాడు.

తలుపు సందులో నీలి వెలుగు. లోపల... గొణుగుడు.

తట్టింది.

గొణుగుడు ఆగింది. తలుపు కిర్రుమంది —

ఒక తల్లి! రేగిన జుట్టు, వాచిన కళ్ళు, చేతిలో ఫోను. తెర మీద నిద్రపోతున్న పసివాడు.

"నాకు అంటురోగమని పైకి రానివ్వరమ్మా. వాడి మంచానికి ఒక ఫోను కట్టారు. ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూసుకుంటున్నా. ఉలిక్కిపడితే ఫోన్‌లోనే జోల పాడుతున్నా..."

వైర్ల తల్లి నాలుక్కరుచుకుంది. కింద నుంచి ఎక్కేది ఆ కాస్త జోలపాటే! లోపలికి వచ్చేది, బయటికి పోయేది పటంలో తనే తారుమారుగా రాసింది. బిడ్డ బొమ్మే అమ్మ దగ్గరికి దిగి వస్తోంది. పాతకాలపు సన్నటి లింకు కదా, ఆ ఒక్క బొమ్మకే ఎర్రబడింది. ఇందాక మీట నొక్కి ఉంటే...

"మరి దెయ్యమన్నది ఎవరు?"

బాబాయి తల గోక్కున్నాడు. "నేనేనమ్మా. మనిషి ఉందంటే గెంటేస్తారు. దెయ్యం ఉందంటే... ఎవ్వరూ రారు."

ఆమె అక్కడి నుంచే సారుకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈసారి సారు విసుక్కోలేదు.

"...ఉండనీ."

నాయనా, అమ్మా, ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి, పదిమందికీ చెప్పండి. దేన్నైనా తెంచే ముందు, ఒక్కసారి వెళ్ళి తలుపు తట్టండి.