హెస్టర్ మామ్మ అంకెలు

క్లీవ్‌లాండ్‌లో మా వీధి మనిషి పోతే, పాతిపెట్టే రోజున వాళ్ల అంకెల మీద అందరూ పందెం కాస్తారు. వయసు, గది నంబరు, పాతిపెట్టే తేదీ. ఏడుస్తూనే కాస్తారు. మంగలి షాపు నేలమాళిగలో కళ్లకు గంతలు కట్టుకుని, పీపాలోంచి అంకెలున్న మూడు బంతులు తీసేది నేను. మూడూ కలిస్తే ఆట నడిపేవాడు ఎన్నో రెట్లు చెల్లించాలి.

నిన్న, జనవరి పన్నెండున, హెస్టర్ మామ్మని సాగనంపాం. ఊరి బట్టలుతికి నన్ను పెంచిన మనిషి. డెబ్బై ఒకటి, నాలుగు, పన్నెండు. వీధంతా అద్దె డబ్బులు తెచ్చి కాసింది. గెలిస్తే నన్ను పెళ్లాడతావా అని పక్కింటి ఓలా పిన్నిని ఆటపట్టించాను. నీ మొహానికి గంతలే అందంరా అంది.

గంతలు కట్టింది లెంట్జ్. మొన్న శరదృతువులో తుపాకులతో వచ్చి ఈ ఆటని లాక్కున్నవాడు. జనం రాకముందే ఆ మూడు బంతులూ ఏరి కోటు జేబులో వేసుకున్నాడు. నేను చూశాను. చూశానని వాడికీ తెలుసు.

"అవి బయటికొచ్చాయో, సరస్సులో తేలతావ్," అన్నాడు చెవిలో.

పీపా తిరిగింది. బొగ్గు పొగ, తలనూనె వాసన. బంతుల గలగల ఆగింది. చెయ్యి పెట్టాను.

డెబ్బై ఒకటి.

జనం గుసగుసలాడారు. నా పక్కనే జేబులో బంతులు టకటకమన్నాయి... లెంట్జ్ తడుముకుంటున్నాడు. మూడూ అక్కడే ఉన్నట్టున్నాయి.

రెండోది. నాలుగు.

మళ్లీ చెయ్యి పెట్టాను. సబ్బు వాసన... లోపల వేళ్లు తగిలాయి. తడిగా, నీళ్లలో నానినట్టు ముడతలు పడి. నా అరచేతిలో ఒక బంతి పెట్టి, గుప్పిట మూసి, మెల్లగా నిమిరాయి.

అది పన్నెండేనని తెలుసు.

వదిలేశాను.

ఇంకోటి తీశాను. ముప్ఫై మూడు. లెంట్జ్ నా జేబులో చుట్ట దోపాడు. జనం మెట్లెక్కి పోయారు.

ఇవాళ పొద్దున్నే ఓలా పిన్ని వచ్చింది. వెనకాల మెట్ల దాకా పందేలు రాయించుకునే జనం వరస.

"రాత్రి హెస్టర్ కల్లోకొచ్చిందిరా, అందరికీ," అంది. "ఇరవై రెండు, ఏడు, పదహారు. ఎవరివో మాత్రం చెప్పలేదు."

రాసుకున్నాను. నాకు ఇరవై రెండేళ్లు. నాది ఏడో గది.

"నువ్వూ కాయరా," అంది పిన్ని నా బుగ్గ తట్టి. "మామ్మ ఈసారి గట్టిగా చెప్పింది."

ఇవాళ పదమూడు.