నూనె అంటని సగం వీపు

నెమియా క్రీడల మూడో రోజు. పొద్దెక్కి రెండు గడియలైంది.

వ్యాయామశాల నూనె గదిలో, రాతి బల్ల మీద ఫైదిమోస్ శవం బోర్లా పడి ఉంది. మెడ కమిలి నల్లబడింది.

మధ్యాహ్నం అతను పంక్రేషన్ చివరి పోటీకి దిగాలి. కుస్తీ, ముష్టియుద్ధం కలిసిన పోటీ అది. కొరకడం, కళ్లు పొడవడం తప్ప అన్నీ చెల్లుతాయి.

విచారణ న్యాయనిర్ణేత లైసానోర్ మీద పడింది. ఒకప్పుడు అతనూ గోదాలో చెవులు చితక్కొట్టించుకున్నవాడే. చనిపోయినవాడి గురువు టిమోనాక్స్ లైసానోర్‌తో కలిసి పట్లు నేర్చిన నేస్తం.

అనుమానం ప్రత్యర్థి ఆగెలాస్ మీద. ఫైదిమోస్ మెడ విరిచేస్తానని నిన్న అందరి ముందూ అన్నాడు. కాపలావాళ్లు అతన్ని పట్టుకొచ్చారు. తెల్లవారినప్పటి నుంచీ వాగు ఒడ్డున పరిగెడుతున్నానని ఆగెలాస్ చెప్పాడు. చూసినవాళ్లు లేరు.

టిమోనాక్స్ చెప్పింది వేరు. తెల్లవారగానే ఫైదిమోస్, ఆగెలాస్ ఇద్దరూ సాధనకని గోదాలోకి దిగారట. ఇసుకలో చాలాసేపు దొర్లారట. ఆగెలాస్ వెనక నుంచి మెడ బిగించి వదల్లేదట.

లైసానోర్ శవం మీదకు వంగాడు. చాలాసేపు చూసి టిమోనాక్స్ వైపు తిరిగాడు.

"నూనె ఎప్పుడు రాసుకున్నాడు?"

"దిగేముందే."

"ఇక్కడికి మోసుకొచ్చింది నువ్వేనా?"

"నేనే."

"కడిగావా? తుడిచావా?"

"లేదు. తెచ్చి పడుకోబెట్టానంతే."

ఆగెలాస్‌ను వదిలెయ్యమని లైసానోర్ కాపలావాళ్లకు చెప్పాడు.

"నూనె ఒంటితో ఇసుకలో దొర్లితే ఎలా ఉంటుందో నీకూ నాకూ తెలుసురా టిమో. గీరినా ఇసుక ఓ పట్టాన వదలదు. వీడి ఒంటి మీద ఒక్క రేణువు లేదు. వీపు చూడు. కుడి సగం నిగనిగలాడుతోంది. ఎడమ సగం పొడిగా ఉంది. వీడసలు గోదాలోకే దిగలేదు. నూనె రాస్తుండగా పోయాడు. వీడి వీపుకి రోజూ నూనె రాసేదెవరు?"

టిమోనాక్స్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తల ఎత్తకుండానే చెప్పుకొచ్చాడు. దెబ్బలు తిని తిని ఫైదిమోస్ కుడికన్ను మసకబారిపోయింది. పోటీకి దిగను, ఇంటికి పోతానన్నాడు. పన్నెండేళ్లు తీర్చిదిద్దిన మనిషి. కోపం ఆగక టిమోనాక్స్ అతని మెడ చుట్టూ చెయ్యి వేశాడు. భయపెడదామనే.

పంక్రేషన్‌లో ఓడానని ఒప్పుకునేవాడు వేలెత్తుతాడు. ఎత్తిన క్షణమే వదిలెయ్యాలి. లైసానోర్‌కు ఆ ప్రశ్న అడగాలని లేదు. అడగక తప్పలేదు.

"వేలెత్తాడా?"

టిమోనాక్స్ అప్పుడు తల ఎత్తాడు.

"ఎత్తాడు. రెండుసార్లు."