గని లైన్లలో ఎర్ర దీపం

రామగిరి దాటాక, పాత బంగారు గని పనివాళ్ళ కోసం కట్టిన ఇళ్ళ వరుస ఒకటి ఉంది. ఆ చుట్టుపక్కల వాళ్ళు గని లైన్లు అంటారు. గని మూతపడ్డాక చాలామంది బెంగళూరు దారి పట్టారు. పోతూ పోతూ తలుపులు, కిటికీలు కూడా ఊడదీసుకుని పోయారు. నాలుగైదు కుటుంబాలు మిగిలాయి. అవన్నీ బోరింగు దగ్గర ఈ చివర. ఆ చివర, అన్నిటికంటే అవతల, తాళం వేసిన ఇల్లు ఒకటి.

పొద్దు వాలితే ఆ ఇంటివైపు ఎవరూ పోరు. మేక తప్పిపోయినా పోరు. మేకే కదా, తెల్లారి చూసుకుందాం అంటారు.

ఆ ఇంటి కిటికీలో రాత్రిపూట ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగితే వెలగనీ, దానికేం... కానీ కాసేపటికి ఆరిపోతుంది. అదీ భయం. ఎందుకంటే ఆ దీపం దానంతట అది ఆరేది కాదు. మనిషి స్విచ్చి నొక్కితేనే ఆరుతుంది. నొక్కే మనిషి ఓబుళప్ప.

ఓబుళప్ప చనిపోయి చాలా నెలలైంది.

నేను దెయ్యాలను నమ్మను. రాత్రిపూట ఆ దారిన పోను కూడా. ఈ రెండింటికీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో నవ్వుతారు. ఈ కథ నాకు చెప్పింది వేణు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వైపు పల్లెల్లోకి వస్తున్న రోజులు. పెనుకొండ బస్టాండు ఎదురుగా టీకొట్టు బల్ల మీద, హిందూపురం బస్సు కోసం చూస్తూ, సగం గొంతుతో చెప్పాడు.

వేణు హిందూపురంలో ఒక చిన్న సెంటరులో పాఠాలు చెప్పేవాడు. చిప్పులకు ప్రోగ్రాము రాయడం. మనకు తెలిసిన కంప్యూటరు లోపల విండోస్ అనే పెద్దమనిషి ఒకడుంటాడు కదా... మనం తప్పు చేస్తే సర్దుతాడు, కనీసం తిడతాడు. వేణు నేర్పేదానిలో ఆ పెద్దమనిషి లేడు. అరచేతిలో పట్టే బోర్డు, దాని మీద ఆర్మ్ అనే రకం చిప్పు, అంతే. ఈ పిన్నుకు కరెంటు ఇవ్వు, ఇంతవరకు లెక్కపెట్టు, ఆ పిన్ను చూడు అని ఒక్కొక్క మాటా మనమే అసెంబ్లీ అనే చిప్పు భాషలో రాసి పెట్టాలి. చెప్పిందే చేస్తుంది. తప్పు చెబితే తప్పే చేస్తుంది. ఇది పొరపాటేమో చూసుకో అని కూడా అనదు.

ఓబుళప్ప కొడుకు రామాంజి అక్కడికి నేర్చుకోవడానికి వచ్చాడు. పగలు టీవీ రిపేరు, సాయంత్రం ఈ చదువు, రాత్రికి బస్సెక్కి లైన్లలో నాయన దగ్గరికి. తల్లి ఎప్పుడో పోయింది. మొదట్లో వేణు కూడా ఒకటి రెండుసార్లు అతనితో లైన్లకు పోయాడు, ఓబుళప్పను మామా అని పిలిచేవాడు, అక్కడివాళ్ళకు ముఖపరిచయమే. అందరూ ఉద్యోగం కోసం నేర్చుకుంటుంటే రామాంజి నాయన ఊపిరి కోసం నేర్చుకున్నాడు.

ఓబుళప్పకు గని దుమ్ము రొమ్ములో చేరింది. పడుకుంటే ఊపిరాడదు. రాత్రంతా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చునే ఉంటాడు, పగలు కునుకు తీస్తాడు. ఏ రాత్రి ఆయాసం ముంచుకొస్తుందో తెలీదు. వచ్చినప్పుడు ఎవరో ఒకరు లేచి నోట్లో మందు కొట్టి, ఆటో పిలిచి ధర్మవరం ఆసుపత్రికి తీసుకుపోవాలి. రామాంజి పడుకునేది ముందు గదిలో. పొద్దుటినుంచి తిరిగిన ఒళ్ళు... పిలిచినా మెలకువ రాదు.

"తలాపున కాలింగ్ బెల్లు పెట్టు. కష్టమైతే నొక్కుతాడు" అన్నాడు వేణు.

"ఆయాసమొస్తే నాయనకు చెయ్యి లేయదన్నా. పిలిచేదానికి బలం కావల్ల. పిలవకుండా ఉండేదానికి ఏం బలం కావల్ల?"

ఆ మాట ఓబుళప్పదే. గనిలో ఆయన ముఠాకు ఒక పద్ధతి ఉండేది. కింద పనిచేసేవాళ్ళు ఒక బీడీ కాల్చేంత సేపటికొకసారి గాలి గొట్టం మీద సుత్తితో తట్టాలి. తట్టు వినపడితే పైవాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. వినపడకపోతే దిగుతారు. ఇంకేమీ అడగరు, ఆలోచించరు, దిగుతారు. ఒకడు సరదాకి తట్టడం మానితే ఆ రోజే వాణ్ణి ముఠాలోంచి వెళ్ళగొట్టారట.

రామాంజి రాసింది అదే. రాత్రి కరెంటు ఇస్తే చాలు, కాసేపటికొకసారి మంచం పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది. ఓబుళప్ప స్విచ్చి నొక్కితే ఆరుతుంది. నొక్కకపోతే, కొంచెంసేపు చూసి, కొడుకు తలాపున గంట మోగుతుంది. మామూలు గంట కాదు, బడిలో పెట్టే కరెంటు గంట. నెలల తరబడి కూర్చున్నాడు. చిన్న తప్పుకే చిప్పు కొయ్యబారిపోయేది, ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. చివరికి సెంటరు బోర్డు మీద అంతా సరిగ్గా నడిచింది. నొక్కితే ఆరింది, నొక్కకపోతే గంట మోగింది. వేణు భుజం తట్టాడు. రామాంజి బెంగళూరు నుంచి సొంతంగా ఒక బోర్డు తెప్పించుకుని, అదే ప్రోగ్రాము ఎక్కించి, ఇంట్లో పెట్టాడు.

ఇంట్లో కూడా ఒకసారి చూద్దామనుకున్నాడు.

"నాయనా, ఈసారి దీపమొస్తే నొక్కొద్దు. గంట మోగుతాదో లేదో చూస్తాం."

"బతికుండి తట్టకుండా కూచోమంటావా?" ఓబుళప్పకు కోపమొచ్చింది. "అట్ల చేస్తే సావును పిలిచినట్లే రా. నాలో ఊపిరుండేవరకూ తడతా."

ఎంత బతిమాలినా వినలేదు. అప్పుడు రామాంజి తనే స్విచ్చి దగ్గర కూర్చోబోయాడు. దీపం వెలగ్గానే నాయన చెయ్యి చాచి టక్కున నొక్కేశాడు. కొడుకు నవ్వేశాడు. పెద్దాయన మొండితనం ముందు ఎవరు నిలుస్తారు? సెంటరులో మోగింది కదా, ఇంట్లోనూ మోగుతుందిలే అనుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఓబుళప్ప అన్నాడట, "ఒక్కోసారి నేను నొక్కకనే ఆరిపోతాన్నట్టుండాది రా" అని.

"నిద్రమత్తులో నొక్కింటావులే నాయనా."

ఈ మాట రామాంజి సెంటరులో నవ్వుతూ చెప్పాడు. వేణు కూడా నవ్వాడు.

ఆ వారంలోనే... గంట మోగలేదు. రామాంజి తెల్లారి లేచేసరికి నాయన గోడకు ఆనుకునే ఉన్నాడు. ఒళ్ళు చల్లబడి ఎంతోసేపైంది. చెయ్యి ఒళ్ళో పడి ఉంది, స్విచ్చికి దూరంగా. పక్కన ఎర్ర దీపం వెలిగింది. రామాంజి చూస్తూ ఉన్నాడు. ఆరిపోయింది.

ఊళ్ళోవాళ్ళకు పాడె కట్టే పని పడింది. శవం దగ్గర కాసేపు ఒంటరిగా ఉన్నది బోరింగు దగ్గరుండే కుళ్ళాయమ్మవ్వ. ఆవిడ కళ్ళ ముందే దీపం వెలిగి, ఆరింది. ఆవిడ కేకకు బయటున్నవాళ్ళంతా లోపలికి పరుగెత్తుకొచ్చారు. ఓబుళప్ప ఇంకా నొక్కుతాన్నాడని ఆవిడే మొదట అంది. ఇక ఆ ఇంటికి దెయ్యాల కొంప అని పేరు పడడానికి ఎంతసేపు పడుతుంది?

రామాంజికి ఆ మాట పట్టుకుంది. నాయన పోయాక కూడా నొక్కాడు. కొడుకు నిద్ర చెడకూడదని నొక్కాడు. అందుకే గంట మోగలేదు. లేకపోతే మోగేది కదా! దేన్నీ తాకకుండా, కరెంటు కూడా ఆపకుండా ఇంటికి తాళం వేసి, హిందూపురం వచ్చి, పనిచేసే టీవీ రిపేరు అంగట్లోనే పడుకోవడం మొదలుపెట్టాడు. తిండి తగ్గింది. మాట పోయింది. చాలా నెలల తర్వాత ఒక రోజు తాళంచెవి తెచ్చి వేణు చేతిలో పెట్టాడు.

"నాకు కాళ్ళు రావు. నువ్వు పోయి ఒక రాత్రి కూచో అన్నా. నాయన ఉండాడో లేదో చూసి చెప్పు. ఉండాడంటే చాలు... నేను మళ్ళా మనిషినవుతా."

వేణు పోయాడు.

ఆ రోజు సన్నగా వాన. చీకటి పడ్డాక తాళం తీశాడు. లోపల చెమ్మ వాసన, మందుల వాసన. ఓబుళప్ప మంచం అలాగే ఉంది. గోడ మీద ఆయన తల ఆనించిన చోట నూనె మరక. వేణు ముందు గదిలోనే, గడప దగ్గర కూర్చున్నాడు. లోపలికి పోవడానికి ధైర్యం చాలలేదు. అదీ అతనే చెప్పాడు, సిగ్గుపడకుండా.

ఎర్ర దీపం వెలిగింది.

మంచం, దుప్పటి, గోడ మీద మరక... అన్నీ ఎర్రగా కనిపించాయి. మంచం మీద ఎవరూ లేరు. వేణు స్విచ్చి మీదే కళ్ళు పెట్టాడు. అది కదల్లేదు.

దీపం ఆరిపోయింది.

"మామా..." అన్నాడు వేణు. "ఓబుళప్ప మామా..."

చూరు నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. ఈసారి ఇంకా త్వరగా — ఎవరో విసుక్కుని నొక్కినట్టు. వేణు లేచి పరుగెత్తబోయి, గడప పట్టుకుని ఆగాడు. చూస్తూ చూస్తూ ఉండగా, భయం మధ్యలో ఎక్కడో అతనిలోని మాస్టరు మేలుకున్నాడు.

వెలుగుతుంది సరే... స్విచ్చి కదలకుండా ఎందుకు ఆరుతుంది?

టార్చి వేసుకుని బోర్డు దగ్గరికి పోయాడు. స్విచ్చి తీగ గోడ వెంట, కరెంటు తీగను ఆనుకునే వచ్చి బోర్డులో చేరింది. చెమ్మగోడ. తీగ బిగించిన చోట చూశాడు. ఉండాల్సిన చిన్న రెసిస్టరు అక్కడ లేదు. వడ్లగింజంత ముక్క అది. స్విచ్చి నొక్కనప్పుడు తీగను ఒక వైపుకు పట్టి ఉంచేది అదే. సెంటరు బోర్డు మీద దాన్ని తయారుచేసినవాళ్ళే పెట్టి ఇచ్చారు, అందుకే అక్కడ ఎవరికీ దాని అవసరం తెలియలేదు. ఈ బోర్డులో పెట్టుకోవాలని రామాంజికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది వేణు. ఎవరూ పట్టని తీగ కదా, పక్కన పోయే కరెంటుకు, గోడ చెమ్మకు అది ఎటైనా పోతుంది. నొక్కారనే చిప్పు అనుకుంటుంది. దీపం ఆర్పుతుంది. గంట మోగించదు.

ఓబుళప్ప చచ్చాక నొక్కలేదు. ఊపిరాడక కొట్టుకుంటున్న ఆ రాత్రి కూడా, ఆయన నొక్కకుండానే దీపం ఆరుతూ పోయింది. పక్క గదిలో కొడుకు నిద్రపోతూ ఉన్నాడు.

వేణుకు దెయ్యమే ఉండుంటే ఎంత బాగుండేదో అనిపించిందట. తను అనుకున్నది తప్పేమో అని చివరి ఆశ ఒకటి పట్టుకుని, సంచిలోంచి ఒక రెసిస్టరు తీసి బిగించాడు.

దీపం వెలిగింది. ఆరలేదు. అలాగే వెలుగుతూ ఉంది, వెలుగుతూ ఉంది...

గంట మోగింది. ఆ ఇంట్లో మొదటిసారి. చెవులు పగిలేంత చప్పుడు, లైన్లలో కుక్కలన్నీ అరిచాయి. వేణు స్విచ్చి నొక్కి గంట ఆపి, రెసిస్టరు ఊడదీశాడు. మామ ఉండాడని చెబుదాం, ఈ బోర్డు ఇలాగే ఉండనిద్దాం అనుకుంటూ వెనక్కి తిరిగాడు.

వాకిట్లో మనిషి.

తడిసిపోయి ఉన్నాడు. అక్కడ ఉండబట్టలేక, ఆఖరి బస్సు దిగి వానలో నడిచి వచ్చిన రామాంజి.

"గంట మోగింది గదన్నా?" గుసగుసగా అడిగాడు. "ఇన్నాళ్ళూ మోగంది ఇప్పుడు యాల మోగింది?"

"మీ నాయన పోయినాడు రామాంజీ. ఇన్నాళ్ళూ ఈడనే ఉండాడు. ఇప్పుడే... వెళ్ళిపోయినాడు."

అబద్ధం బాగానే ఉంది. కానీ రామాంజి చూపు వేణు పిడికిలి మీద ఉంది. దగ్గరికి వచ్చి, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. రెసిస్టరు తీసుకుని టార్చి వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. బోర్డు వైపు చూశాడు. నేర్చుకున్నవాడు కదా, ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

"నాయన చెప్పినాడన్నా" అన్నాడు. "నొక్కకనే ఆరిపోతాందని చెప్పినాడు."

ఏడవలేదు. రెసిస్టరు తనే బిగించి, నాయన మంచం ఎక్కి, ఆ నూనె మరకకు తల ఆనించి కూర్చున్నాడు. దీపం వెలిగింది. నొక్కాడు. ఆరింది. వేణు తెల్లారేదాకా పిలిచినా లేవలేదు.

అప్పటినుంచి రామాంజి మకాం ఆ ఇల్లే. పగలు ధర్మవరంలో ఒక రిపేరు అంగట్లో పని. చీకటి పడ్డాక లైన్ల వెనకదారిన వస్తాడు, ముందు తాళం అలాగే ఉంచి దొడ్డి తలుపున లోపలికి పోతాడు, తెల్లారకముందే కరెంటు ఆపి వెళ్ళిపోతాడు. ఇంకో దీపం వెలిగించడు. రాత్రంతా కూర్చుని నొక్కుతాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని వేణు చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉండాదన్నా. ఇప్పుడు నొక్కకపోతే మోగుతాది."

"మోగితే ఎవరొస్తారు రా?"

దీపం వెలిగింది. రామాంజి నొక్కాడు.

వేణు ఇక్కడి దాకా చెప్పి ఆగాడు. "ఇదన్నా సంగతి. ఆడ దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఎవరితోనన్నా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు." టీ చల్లారిపోయింది. ఇంకోటి చెబుదామని నేను చెయ్యెత్తేసరికి, రామగిరి బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళలోంచి ఒక ముసలావిడ మా బల్ల దగ్గరికి వచ్చింది. ఆసుపత్రి చీటీ చేతిలో ఉంది.

"ఏమప్పా వేణూ, ఈడుండావు? నేనప్పా, కుళ్ళాయమ్మను. అయ్యో, మా లైన్లలో బతికేట్టు లేదు నాయనా. మీ ఓబుళప్ప మామ మొన్నటిదాకా దీపం ఆర్పుతా ఉన్యాడు. ఇప్పుడు గంట కొడతాండాడు. నిన్న రాత్రి మొదలయింది. తెల్లార్లూ ఒకటే మోత. పిల్లోళ్ళను పక్కలో ఏసుకుని తలుపులు బిగించుకున్యాం."

వేణు లేచి నిలబడ్డాడు. "ఎవరూ... ఎవరూ పోయి చూడలేదా అవ్వా?"

"బాగుండాదప్పా! ఆ ఇంట్లో గంట మోగితే ఎవరు పోతారు? నేను బస్సెక్కేటప్పుడు గూడా మోగుతానే ఉండాది."

టీ గ్లాసు బల్ల మీద దొర్లింది. వేణు అప్పటికే రోడ్డు దాటి, తిరిగి పోతున్న రామగిరి బస్సు వెంట పరుగెత్తుతున్నాడు.