ఆవలించిన సింహం

"హాచ్! హాచ్!"

తెర వెనుక సింహం తుమ్ముతోంది. ఇంకో గంటలో స్కూలు నాటకం. సింహం వేషం వేసిన అబ్బాయి గొంతు క్లాసులో అందరికంటే పెద్దది. అందుకే వాడిని అందరూ ఉరుము అంటారు. ఆ ఉరుము ఇప్పుడు ముక్కు చీదుకుంటూ దిగాలుగా కూర్చున్నాడు.

కుందేలు వేషం వసపిట్టది. నోరు మూత పడదని ఇంట్లోవాళ్లు పెట్టిన ముద్దుపేరు అది. ఎవరికైనా కష్టమొస్తే సాయం చేసేదాకా ఆ పిల్లకి కాలు నిలవదు.

"నాకూ ఇలాగే తుమ్ములొస్తే డాక్టరుగారు ఈ మాత్ర రాశారు. వేసుకో, చిటికెలో పోతాయి!" అంది బ్యాగులోంచి మాత్ర తీసి.

"నిజంగానా?"

"నా మీద ఒట్టు!"

ఉరుము గుటుక్కున మింగేశాడు. కాసేపటికి తుమ్ములు ఆగాయి. వసపిట్ట పొంగిపోయింది.

నాటకం మొదలైంది. కుందేలు స్టేజీ మీదికి రాగానే సింహం గర్జించాలి. గర్జించలేదు. నోరు బారెడు తెరిచి ఆవలించింది! హాలంతా గొల్లుమంది. సింహం అట్టగుహకి ఆనుకుని కళ్లు మూసుకుంది. భలే నటన అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"లేవరా, నీ డైలాగే!" అని వసపిట్ట వాడి భుజం కుదిపింది. వాడి తల పక్కకి వాలిపోయింది.

"టీచర్! వీడికి నా మాత్ర ఇచ్చాను!" అని స్టేజీ మీంచే అరిచింది.

తెర దించేశారు. స్కూలు నర్సు పరుగున వచ్చి వాడి నాడి చూసింది. ఉరుము వాళ్లమ్మ కంగారుగా వచ్చింది.

"పొద్దున జలుబు సిరప్ కూడా పట్టానండీ!"

"రెండూ నిద్రమత్తు తెచ్చే మందులే. ఆలస్యం చేయొద్దు, ఆసుపత్రికి పదండి" అంది నర్సు. వెళ్తూ వసపిట్ట తల నిమిరింది. "దాచకుండా చెప్పావు, మంచిదైంది. కానీ డాక్టరుగారు నిన్ను చూసి రాశారు తల్లీ, వాడిని చూడలేదుగా!"

సాయంత్రం దాకా వసపిట్ట ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దానికి ఇంట్లోవాళ్లే బెంబేలెత్తిపోయారు.

అప్పుడు ఫోన్ మోగింది.

"గర్ర్ర్ర్! ఎలా ఉందే నా గర్జన? రేపు ఇంటికి పంపిస్తారట!"

వసపిట్ట ఏడుస్తూనే పకపకా నవ్వింది.

వారం తిరక్కుండానే పక్కింటి పిన్ని కుంటుకుంటూ వసపిట్ట తాతయ్య దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, మోకాళ్లు ఒకటే సలుపు. నీ నొప్పి మాత్ర ఒకటి ఇద్దూ!"

"దానిదేముందమ్మా!" అంటూ తాతయ్య లేచాడు. వసపిట్ట అలమరాకి అడ్డంగా నిలబడింది.

"తాతయ్యా, అవి నీకు రాసినవి!" అని, పిన్ని చెయ్యి పట్టుకుంది. "చెప్పులేసుకో పిన్నీ. డాక్టరుగారి దగ్గరికి నేను తోడొస్తాను."