డబుల్స్ కూడదు

కొత్తవాళ్ళకి బండి నేర్పడం నా పని. మూతపడిన గోదాము వెనక సిమెంటు మైదానం, నాలుగు మోపెడ్లు, రెండు పాత మోటారుసైకిళ్ళు, కొన్ని ప్లాస్టిక్ కోన్లు. ఇదీ నా బడి. స్టార్ట్ చెయ్యి, ఆపు, కోన్ల చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పు, ఆపు. ఇన్నేళ్ళుగా ఇవే మాటలు. నిద్రలో కూడా "క్లచ్చు వదులు" అంటున్నానట, మా ఆవిడ గొడవ. ఎవరైనా పడితే లేపుతాను, దుమ్ము దులుపుతాను. వాళ్ళ ఏడుపూ నవ్వూ నాకు అంటడం మానేసి చాలా కాలమైంది.

ఆ సాయంత్రం మబ్బు కమ్మి దీపాలు ముందే వెయ్యాల్సి వచ్చింది. తడిసిన దుమ్మూ పెట్రోలూ కలిసిన వాసన. మిగతావాళ్ళంతా సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళిపోయారు. ఒక్కావిడ మిగిలింది. ఇళ్ళకి మందులు చేరవేసే పని దొరికిందట. రేపు పొద్దున సర్టిఫికెట్ చూపించకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, ఇక ఇల్లు గడవదు. ఇదంతా పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది.

నడపడం వచ్చు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, బండి వెనక్కి లాగుతోంది. మలుపు తిప్పితే వెడల్పుగా పోయి కోన్లని తన్నేస్తోంది. బ్రేకు వేస్తే గీత దాటి ఎక్కడో ఆగుతోంది. టైర్లలో గాలి చూశాను. సరిగ్గానే ఉంది. బ్రేకు పట్టి చూశాను. బాగానే ఉంది. చివరికి బండే మార్చాను. అయినా అదే తీరు.

ఈసారి పక్కన నిలబడి చూశాను. వెనక స్ప్రింగులు బాగా కిందికి దిగి ఉన్నాయి, ఇద్దరెక్కితే దిగినట్టు. ఇందాక నా చేత్తో మడిచిన వెనక ఫుట్‌రెస్టులు రెండూ తెరిచి ఉన్నాయి.

వెనక ఏమైనా కట్టారా అని అడిగాను. ఆవిడ హెల్మెట్ అద్దం పైకెత్తింది. కళ్ళల్లో ఏ భావమూ లేదు.

"పిల్ల మాస్టారూ. దిగమంటే దిగట్లేదు."

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు జలదరించిందా అంటే అదీ లేదు. పోయిన బిడ్డని మోసుకు తిరుగుతున్న తల్లి కాబోలు అనుకున్నాను. ఇలాంటివాళ్ళతో వాదన పెట్టుకోకూడదు, తేలిగ్గా మాట్లాడి పని కానిచ్చెయ్యాలి. అందుకే అందరికీ చెప్పే మాటే చెప్పాను. కాకపోతే ఆ ఖాళీ సీటుకేసి తిరిగి, పిల్లల్ని బుజ్జగించే గొంతుతో చెప్పాను.

"చూడు తల్లీ, ఎల్ బోర్డు బండి మీద డబుల్స్ కూడదు. వెనక ఎవరూ ఎక్కకూడదు. అంత సరదాగా ఉంటే నా బండెక్కు. నాకు లైసెన్సుందిలే."

నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

మోపెడ్ స్ప్రింగులు మెల్లగా పైకి లేచాయి. చిన్న కిర్రు చప్పుడు... తర్వాత ఏమీ లేదు. మైదానం అవతల, గోడ వారన స్టాండు వేసి పెట్టిన నా బండి... కొంచెం కిందికి దిగింది. మధ్యలో అడుగుల చప్పుడు లేదు.

ఇక ఆవిడ ఎంత చక్కగా నడిపిందో. ఎనిమిది వేస్తే ఒక్క కోను కూడా కదల్లేదు. గీత మీద ఆపమంటే గీత మీదే ఆపింది. సంతకం పెట్టి ఇచ్చాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, పాపకి ఎన్నేళ్ళని అడిగాను.

ఆవిడ సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకుంది.

"నాకు పిల్లల్లేరు మాస్టారూ," అంది గొంతు తగ్గించి. "రోడ్డు మీద ఆ పిల్ల ఎక్కించుకోమని అడిగింది. చిన్నపిల్ల కదా అని సరేనన్నాను... మళ్ళీ దిగలేదు. ఈ పని లేకపోతే నాకు గడవదు. ఏమీ అనుకోకండి."

గేటు దాకా నడిచింది. గేటు దాటాక పరిగెత్తింది.

బండి అక్కడే వదిలేసి నడిచి వచ్చెయ్యాల్సింది. ఆ ఆలోచన నాకు ఇంటి ముందుకొచ్చాక తట్టింది. దారంతా బండి బరువుగానే నడిచింది. నేనూ అలవాటుగా నడుపుతూ వచ్చేశాను, కూరగాయల సంచీ మోసుకొచ్చినట్టు.

మా చిన్నది గేటు దగ్గరే ఉంది. రోజూ దాన్ని వీధి చివరిదాకా తిప్పి తేవాలి, లేకపోతే అన్నం ముట్టదు. పరుగున వచ్చి బండి పక్కన ఆగిపోయింది. సీటుకేసి చూసి మూతి ముడిచింది.

"జరగమను నాన్నా."

అప్పుడు వేసింది భయం. వద్దు, లోపలికి పో అనబోయాను. ఆ మాట వచ్చేలోపే అది ఎక్కేసింది. స్ప్రింగులు ఇంకా కిందికి దిగాయి.

"దిగండి," అన్నాను, హ్యాండిలు మీంచి చూపు ఎత్తకుండా. "ఇద్దరూ దిగండి."

స్ప్రింగులు లేచాయి. సగమే లేచాయి. చిన్న అడుగులు గేటు తోసుకుని లోపలికి పరిగెత్తాయి. వంటింట్లోంచి మా ఆవిడ, వచ్చావా, చేతులు కడుక్కో అంది. సరేనమ్మా అని జవాబు వినిపించింది. ఆ గొంతు మా చిన్నదే... అనుకుంటాను.

నేనింకా హ్యాండిలు పట్టుకుని కూర్చునే ఉన్నాను. తల తిప్పితే తెలిసిపోతుంది. వెనక నుంచి రెండు చిన్న చేతులు నా చొక్కా అంచు పట్టుకుని ఉన్నాయి.

మా చిన్నది ఎప్పుడూ అలాగే పట్టుకుంటుంది.