నలభై మందిలో ఐదుగురు

తలుపు తట్టి లోపలికి వచ్చిన నర్సు డ్యూటీ యూనిఫాంలోనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఎల్లుండి నన్ను అరెస్టు చేస్తారట మేడమ్," అని గోడకు చెప్పుకున్నట్టు చెప్పింది.

టీచరమ్మ మళ్ళీ కుర్చీ చూపించింది. ఇరవై రెండేళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అయిన ఆవిడని ఊరంతా ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఆవిడ అసిస్టెంటు, పోలీసు ఉద్యోగంలో రిటైరైన హెడ్డు, నోట్‌బుక్కు తీశాడు. ముప్పై ఏళ్ళు తను లాఠీతో తేల్చలేనివి ఈవిడ పెన్సిలుతో తేల్చేస్తుంటే పాపం ఆయనకి ఈర్ష్య పుట్టాలి. భక్తి పుట్టింది, ఏం చేస్తాం!

నర్సు చెప్పిన సంగతి ఇది. ఆసుపత్రిలో రక్తపోటుకి ఒక కొత్త మాత్రని నలభై మంది రోగుల మీద పరీక్షిస్తున్నారు. వారం వారం వాళ్ళ బీపీ చూసి పుస్తకంలో రాయడం ఆమె పని. ఆ పుస్తకం ఈ పరీక్ష లెక్కలు చూసే స్టాటిస్టిక్స్ మాస్టారి గదికి వెళుతుంది. ఆయన అంకెలు కంప్యూటర్లో ఎక్కించి, సగటు తీసి పెద్ద డాక్టరుకి పంపుతాడు. ఆరు నెలలు తిరక్కుండానే ముగ్గురు రోగులు మెదడులో నరాలు చిట్లి చనిపోయారు. కాగితాల్లో మాత్రం ఆ ముగ్గురి బీపీ భేషుగ్గా ఉంది. రోగుల్ని చూడకుండానే ఇంట్లో కూర్చుని అంకెలు అల్లిందని నేరం ఈమె మీద పడింది. పుస్తకం ఏదంటే, పైపు పగిలి తడిసి ముద్దయితే పారేశానని మాస్టారు అన్నాడట.

"నేను చూశాను మేడమ్. వాళ్ళకి నూట తొంభైలు రాశాను. నాకు ఆరేళ్ళ కూతురుంది. నేను జైలుకెళితే దానికి దిక్కు లేదు."

టీచరమ్మ ఓదార్చలేదు. సంచిలో బీపీ మిషను ఉందా అని అడిగి, హెడ్డుని చెయ్యి చాపమంది. నర్సు పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు చూసి నూట నలభై ఆరు అంది. ఉప్పు తగ్గించండి బాబాయ్ అని కూడా అంది, అంత కష్టంలోనూ. ముల్లు రెండు గీతల మధ్య ఆగితే ఏం రాస్తావని టీచరమ్మ అడిగింది. దగ్గరున్న గీత రాస్తామని, గీతకీ గీతకీ తేడా రెండని నర్సు చెప్పింది.

మర్నాడు టీచరమ్మా హెడ్డూ ఆసుపత్రికి వెళ్ళారు. నలభై మంది అంకెలు చూసే తీరిక తనకి లేదనీ, సగటు మాత్రమే చూస్తాననీ పెద్ద డాక్టరు విసుక్కుంటూనే, ఆ అంకెల కాగితాల కట్ట టీచరమ్మకి ఇప్పించాడు. మాస్టారు టీచరమ్మ పాత శిష్యుడే. ఆవిడని చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. నోట్లో నాలుక లేని మనిషిలా ఉన్నాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాననీ, వార్డులో ఏనాడూ అడుగు పెట్టలేదనీ చెప్పాడు.

ఇంటికొచ్చాక టీచరమ్మ హెడ్డు చేతికి ఎర్ర పెన్సిలు ఇచ్చి, కాగితాల్లో బేసి సంఖ్య కనబడిన చోటల్లా గీత పెట్టమంది. సాయంత్రానికి ఆయన మెడ పట్టేసింది. ముప్పై ఐదుగురి పేజీల్లో ఒక్క ఎర్రగీత లేదు. ఐదుగురి పేజీలు మాత్రం తట్టు పోసినట్టున్నాయి. ఆ ఐదుగురిలో ముగ్గురు చనిపోయినవాళ్ళే. ఏమిటిదని హెడ్డు అడిగితే ఆవిడ ఆ ఐదుగురి పేజీలు తీసుకుని గదిలోకి వెళ్ళింది. ఆ పూట అన్నం కూడా తినలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరు గదిలో అందరూ చేరారు. డాక్టరు, మాస్టారు, నర్సు, ఇన్‌స్పెక్టరు. టీచరమ్మ ఒక పేజీ డాక్టరు చేతికిచ్చి, పైకి చదవమంది.

"నూట ముప్పై ఏడు. నూట ఇరవై తొమ్మిది. నూట ముప్పై..." డాక్టరు ఆగిపోయాడు. బల్ల మీదున్న తన మిషను తీసి, ముల్లు వెనకాల గీతలు చూశాడు. "దీంట్లో ఏడు లేదు," అన్నాడు.

"లేదు," అంది టీచరమ్మ. "ఈమె ముప్పై ఐదుగురికి రాసినవన్నీ సరి సంఖ్యలే. దొంగలెక్క రాసినా ఈమె చేతికి సరి సంఖ్యే వస్తుంది. మీకైనా అంతే. ఏనాడూ ముల్లు చూడని మనిషే ఏడు రాస్తాడు. పుస్తకం ఈమె తర్వాత వెళ్ళింది ఒక్క గదికే."

ఇన్‌స్పెక్టరు మాస్టారి వైపు తిరిగాడు.

"చివరి అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా సమానంగా చల్లావు," అంది టీచరమ్మ. "ఎందుకు నాన్నా?"

"అల్లిన లెక్కల్లో చివరి అంకెలు కొన్నే మళ్ళీ మళ్ళీ వస్తాయని, అక్కడే దొరికిపోతారని మీరే చెప్పారు కదా మేడమ్. సెకండియర్లో."

టీచరమ్మ డాక్టరు చేతిలోంచి ఆ పేజీ తీసుకుని మడిచి పెట్టింది.

తర్వాత మాస్టారు అంతా చెప్పేశాడు. మాత్ర ముప్పై ఐదుగురికి పనిచేసింది, ఐదుగురికి చెయ్యలేదు. ఫలితం బాగుంటే పెద్ద వైద్య పత్రికలో తన పేరుతో అచ్చవుతుంది, పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిది. అందుకని ఆ ఐదుగురి అంకెలు దించాడు. ఆ సగటు చూసి డాక్టరు వాళ్ళని అదే మాత్ర మీద ఉంచాడు.

"ఐదుగురే కదా మేడమ్," అన్నాడు మాస్టారు. "సగటుని పాడు చేస్తున్నారు."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని తీసుకెళ్ళాడు. ఆ ఐదుగురిలో మిగిలిన ఇద్దరినీ వెంటనే వార్డులో చేర్చమని చెప్పడానికి డాక్టరు బయటికి పరిగెత్తాడు. నర్సు మాత్రం కూర్చున్న చోటి నుంచి కదలలేదు. ఇంక భయం లేదు, ఇంటికెళ్ళు తల్లీ, పాప ఎదురు చూస్తుంటుంది అన్నాడు హెడ్డు.

"ఎవరి బీపీ ఎంతో వాళ్ళకి చెప్పకూడదని రూలు బాబాయ్," అంది ఆమె. "రాసి పైకి పంపితే చాలు, పైన చూసుకుంటారన్నారు. చనిపోయిన పెద్దాయన ప్రతి వారం అడిగేవాడు, ఎలా ఉందమ్మా అని. నేను నూట తొంభై ఎనిమిది రాసుకుంటూ, బాగానే ఉంది తాతా అనేదాన్ని. ఇరవై మూడు వారాలు అలాగే చెప్పాను."