సర్ వేరిన్ వంశవృక్షం

"పెన్ను బయట పెట్టి రండి. లోపల పెన్సిలే" అన్నాను.

"నా పెన్ను మీ పుస్తకాల్ని కరుస్తుందా?"

"సిరా పడితే నాలుగు వందల ఏళ్ళ రిజిస్టరు పాడవుతుంది. అప్పుడు మా ఆఫీసరు నన్ను కరుస్తాడు."

ఇంగ్లండులో, నేను పనిచేసే ఎక్సెటర్ రికార్డు ఆఫీసులో టామ్సిన్ హోల్వేతో నా మొదటి తగువు అది. బయట జల్లు. ఆమె జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారుతుంటే నేను రిజిస్టరు వదిలేసి అటే చూశాను. అప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది.

వాళ్ళ ఊరి చర్చిలో సమాధి మీద కవచం తొడిగిన రాతి విగ్రహమై పడుకున్న సర్ వేరిన్ హోల్వే, ఏడు వందల ఏళ్ళ నాటి నైట్ బిరుదున్న యోధుడు, తమ మూలపురుషుడని వాళ్ళ నాన్న నమ్మకం. ఇరవై ఏళ్ళుగా ఆధారాలు వెతుకుతున్నాడు. చనిపోయాక ఆ విగ్రహం పక్క గోడ మీద తన పేరు చెక్కాలని ఆశ. మా ఆఫీసు ధ్రువపత్రం ఇస్తే సరేనన్నారు పాస్టరుగారు. ఈలోగా వాళ్ళ నాన్నకు కాన్సర్ ముదిరింది. అందుకని ప్రతి గురువారం కూతురు వచ్చేది.

"మీ తాత యుద్ధగుర్రం ఎక్కాడు. మీరేమో ప్రతి వారం బస్సు కూడా అందుకోలేరు" అనేవాణ్ణి.

"మరి మీ తాతలు?"

"పందులు కాశారు."

"పోలికలు కనిపిస్తూనే ఉన్నాయి" అనేది.

ఐదో గురువారానికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

వంశవృక్షంలో అంతా కుదిరింది, విలియం అనే ఒక్క పేరు తప్ప. 1641లో బాప్తిస్మం పొందిన ఆ విలియం నుంచే వాళ్ళ నాన్న తన వంశాన్ని కిందికి దింపాడు. జననాలు వెతికేవాళ్ళు ఖననాల పేజీలు తిప్పరు. నేను తిప్పాను. 1643లో సమాధి చేసినవాళ్ళలో ఆ పసివాడున్నాడు. రెండేళ్ళకే పోయినవాడికి వారసులెక్కడి నుంచి వస్తారు?

ఆ వరుస చూపిస్తే ఆమె రెండుసార్లు చదివింది.

"డాక్టరు పది రోజులన్నాడు, నాథన్."

"టామ్సిన్, ఇది..."

"ఈ పేజీ చూడలేదనుకో. ధ్రువపత్రం మీద సంతకం పెట్టు. నా కోసం."

పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆమె పోతుందన్న భయమే ఎక్కువైంది.

వాళ్ళ నాన్న ఆ కాగితం చేతిలో పట్టుకునే పోయాడు. గోడ మీద పేరు చెక్కిన రోజు, చర్చి వాకిట్లో వాన తగ్గడం కోసం ఇద్దరం నిలబడ్డాం. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"నువ్వంటే నాకు ప్రాణం. పెళ్ళి చేసుకుందాం."

"నాకూ నువ్వంటే ఇష్టమే. ఇప్పటికీ."

"మరింకేం?"

"నేను సంతోషపడతానంటే నువ్వు అబద్ధమైనా చెప్పేస్తావు. ఇప్పుడు చెప్పిందీ అలాంటిదేనేమో అనిపిస్తోంది. ఎప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది."

ఒళ్ళు మండింది. "అడిగింది నువ్వే కదా."

"నేనే. నువ్వు కాదంటావన్న ధైర్యంతోనే అడిగాను. కాదని ఉంటే నిన్ను తిట్టుకుంటూ ఇంటికెళ్ళి, నాన్నకి నిజం చెప్పేదాన్ని."

ఆమె కోపంగా వెళ్ళి ఉంటే వెంటపడి బతిమాలేవాణ్ణి. "జలుబు చేస్తుంది, తడవకు" అని గొడుగు నా చేతిలో పెట్టి, తను వానలోకి నడిచింది.